అక్షరశిల్పం – ఔచిత్యం

నెల్లూరు సముద్రతీరంలో, మైపాడు మొదలు కృష్ణపట్నం దాకా, ఒడ్డున నిలిపిన పడవల మీది పేర్లకు లావైన అక్షరాలే తగినవి. ఉప్పుగాలికి రంగు వెలిసిపోయినా వాటిని దూరం నుండి చదవవచ్చును. పెళ్ళిపత్రిక మీద ఆ లావు అక్షరాలు శోభించవు. అక్కడ నిండైన వంపులు, సన్నని గీతలు కలిసిన సొగసైన రూపం కావాలి. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని క్షేమేంద్రుడు చెప్పిన మాట అచ్చక్షరానికి కూడా వర్తిస్తుంది.

లావు సన్నాల భేదాన్ని పరాకాష్ఠకు చేర్చిన అచ్చక్షరాలు ఐరోపాలో 18వ శతాబ్ది చివర రూపుదిద్దుకొన్నాయి. ఇటలీలో బొడోని, ఫ్రాన్సులో డిడో కుటుంబంవారు వీటికి ప్రసిద్ధులు. నిలువుగీత స్తంభంలా బలిసి ఉంటుంది. అడ్డగీత, గీతల కొసన ఉండే 'సెరిఫ్' అనే చిన్న అంచు వెండ్రుకలా సన్నబడతాయి. నునుపైన కాగితం, మెరుగైన అచ్చుయంత్రం ఇందుకు తోడ్పడ్డాయి. అయితే అక్షరం చిన్నదైన కొద్దీ ఆ సన్నగీతలు కంటికి ఆనవు. అందుచేతనే ఇవి శీర్షికలలో రాణించినంతగా పుట నిండిన చిన్న అక్షరాలలో రాణించవు.

తెలుగు లిపి నడక వేరు. తాటాకు మీద గంటంతో వ్రాసిన కాలంలో గీత ఇంచుమించు ఒకే మందంతో సాగింది. కలము, అచ్చు వచ్చిన తరువాత లావు సన్నాల భేదం స్థిరపడింది. 1746లో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు గ్రంథం అచ్చయింది. 1854లో చెన్నపట్నంలో ముద్రణాలయాన్ని నెలకొల్పిన వావిళ్ళ రామస్వామిశాస్త్రులు నెల్లూరు సీమకు చెందినవారు. వావిళ్ళవారి ప్రతులు పండితాదరణ పొందినది అలంకారం వల్ల కాదు, పాఠశుద్ధి వల్ల.

ఆ శుద్ధి నేటి అక్షరశిల్పులకు కూడా ఆదర్శం కావాలి. తెలుగులో చిన్న గీత కూడా అర్థాన్ని మోస్తుంది. అడుగున ఉండే ఒత్తు చెరిగితే 'ధార' కాస్తా 'దార' అవుతుంది, 'ఫలము' 'పలము'గా మారుతుంది. రోమను అక్షరాల సన్నదనాన్ని యథాతథంగా అనుకరిస్తే మొదట మాయమయ్యేవి ఈ గీతలే. కాబట్టి సన్నబడవలసినది అలంకారపు వంపు మాత్రమే. అర్థాన్ని నిలిపే గీత కాదు.

ఈ వివేకానికి ఆధారాలు లేకపోలేదు. అయ్యలరాజు రామభద్రుని పేరు పెట్టుకొన్న 'రామభద్ర' ఫాంటు శీర్షికలకు ఉద్దేశించినది. 2015లో వెలువడడం ప్రారంభించిన మూర్తి క్లాసికల్ లైబ్రరీ గ్రంథాల కోసం రూపొందిన తెలుగు అక్షరాలు, తరువాత 'టిరో తెలుగు' పేరుతో అందరికీ ఉచితంగా లభించాయి. అవి సాహిత్యగ్రంథాల పఠనానికి తగినవి. ఒకటి పిలిచే అక్షరం, మరొకటి చదివించే అక్షరం.

కంప్యూటరు మీద ఫాంటును ఎన్నుకొనడం క్షణంలో పని. ఆ క్షణంలో చదువరిని తలచుకొనడమే సంస్కారం. పేరు చదవడానికి వీలులేని పలక ఎంత సొగసైనదైనా, తీరం చేరని పడవ వంటిదే.