ఎద్దుకు చూపే ఓర్పు పిల్లవాడికి చూపరా?

ప్రొద్దుటూరు: తిరునాళ్ళ వచ్చిందంటే మన పల్లెల్లో బండలాగుడు పోటీ ఉండి తీరవలసిందే. పాలపండ్ల గిత్తలకు ఒక పోటీ, రెండు పండ్లకు ఒకటి, నాలుగు పండ్లకు, ఆరు పండ్లకు వేర్వేరుగా పోటీలు. లేతగిత్తను పెద్దఎద్దుల బండకు కట్టే రైతు ఎక్కడా కనిపించడు. ఒకసారి బెదిరిందంటే ఆ గిత్త మళ్ళీ కాడి కిందికి రావడానికి జంకుతుందని అతనికి తెలుసు. ఇంతటి తెలివిగల రైతు తన కన్నకొడుకు ఆట విషయంలో ఆ తెలివిని ఎందుకు పక్కన పెడుతున్నాడో అర్థం కాదు.

జమ్మలమడుగు ప్రాంతంలోని ఒక మైదానంలో పిల్లల క్రికెట్ పోటీని ఈ విలేఖరి చూడడం తటస్థించింది. పదమూడేళ్ళ బాలుడొకడు చివరి ఓవరులో చేతికి వచ్చిన క్యాచ్ జారవిడిచాడు. గట్టు మీదనున్న తండ్రి అందరూ వినేటట్టు నోటికి వచ్చినట్టల్లా తిట్టాడు. తర్వాతి బంతి కూడా ఆ బాలుని వైపే వచ్చింది. అది కాళ్ళ సందున పోయింది. ఆ రెండో బంతి వచ్చేసరికి వాడి చూపు బంతి మీద లేదు, తండ్రి ముఖం మీద ఉంది.

మనసు ఆటను ఎట్లా చెడగొట్టగలదో గోల్ఫ్‌లో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అది దొరల ఆట, మనకేల అనవచ్చు. మన మూడు పట్టణాల పిల్లలు గోల్ఫ్ మైదానాన్ని కళ్ళ చూసింది కూడా తక్కువే. కానీ బిళ్ళంగోడు ఆడిన వారికి దాని కష్టం సులువుగానే తెలుస్తుంది. చిన్న బంతిని కర్రతో కొట్టి దూరాన ఉన్న గుంటలో వేయాలి. అట్లా 18 గుంటలు. ఎవరు తక్కువ దెబ్బలతో ముగిస్తే వారిదే గెలుపు. ఒక ఆటకు నాలుగైదు గంటలు పడుతుంది. దెబ్బ దెబ్బకూ పట్టే కాలాన్ని కూడితే మాత్రం కొద్ది నిమిషాలకు మించదు. మిగిలిందంతా నడకే. ఆ నడకలో పాత తప్పు గుర్తుకొస్తుంది, రాబోయే దెబ్బ భయపెడుతుంది.

హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన తెలుగు దంపతుల కుమారుడు సాహిత్ తీగల 1997లో అక్కడే పుట్టాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ పోటీలో అతను మూడు రోజుల ఆట ముగిసేసరికి అందరికంటే ముందున్నాడు. చివరి రోజు 17వ గుంట దగ్గర అతని బంతి నీళ్ళలో పడింది. ఒకే ఒక్క దెబ్బ తేడాతో గెలుపు అవకాశం పోయింది. తల్లిదండ్రుల దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు. వారు అక్కున చేర్చుకున్నారు. అదే సంవత్సరం జూన్‌లో ట్రావెలర్స్ పోటీలో ఒక దెబ్బ ఆధిక్యంతో చివరి గుంటకు వచ్చి, ఇసుకలో చిక్కుకొని మళ్ళీ ఓడాడు. నాలుగు నెలల్లో రెండు దెబ్బలు! మన ఇళ్ళలోనైతే కర్ర అటక మీదికి చేరేది. అతను ఆడుతూనే ఉన్నాడు. 2023 సెప్టెంబరులో నాపా పట్టణంలో ఫోర్టినెట్ పోటీ గెలిచాడు.

2024 ఆగస్టులో అతను చేసిన పని ఇంతకంటే గొప్పదని ఈ విలేఖరి అభిప్రాయం. టూర్ ఛాంపియన్‌షిప్‌లో కర్ర వెనక్కు ఎత్తేటప్పుడు ఇసుకకు తగిలినట్టు అతనికి అనిపించింది. తానే అధికారులకు చెప్పి రెండు దెబ్బల జరిమానా వేయించుకున్నాడు. అయినా చెదరలేదు. పోటీలో మూడో స్థానం సంపాదించాడు.

అమెరికా ముచ్చట మనకెందుకనే వారికి ఇంటి ఉదాహరణే ఉంది. మన జిల్లాకు చెందిన శ్రీచరణి తండ్రి థర్మల్ విద్యుత్ కేంద్ర ఉద్యోగి. 2025 అక్టోబరు 30న ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 338 పరుగులు చేసింది. ఆ బాదుడులో కూడా ఈ పిల్ల పది ఓవర్లలో 49 పరుగులే ఇచ్చి రెండు వికెట్లు తీసింది. నవంబరు 2న మన జట్టు కప్పు గెలిచింది.

ఇట్టి నిబ్బరం కొంత పుట్టుకతో వస్తుంది, కొంత నేర్పితే వస్తుంది. దెబ్బకు ముందు ప్రతిసారీ ఒకే వరుస పాటించాలి. బంతి వెనుక నిలబడి గురి ఒక్కటే చూడాలి, ఊపిరి నెమ్మదిగా వదలాలి, కొట్టాలి. ఊపిరి వదలడం నిదానిస్తే గుండె దడ కూడా తగ్గుతుంది. తప్పు జరిగితే పది అడుగులు నడిచేదాకా కోపగించుకోవచ్చు, పదకొండో అడుగు నుంచి తర్వాతి బంతే లెక్క. దీనికి ఖర్చు లేదు, మైదానం కూడా అక్కరలేదు. కబడ్డీ కూతకు వెళ్ళే పిల్లకూ, పులివెందుల చీనీతోట పక్కన బంతి విసిరే కుర్రవాడికీ ఇదే పాఠం. వ్యాయామోపాధ్యాయులు వారానికి ఒక పూట దీనికి కేటాయించాలి. పోటీల రోజున తల్లిదండ్రులు చప్పట్లు కొట్టవచ్చు. సలహాలు మాత్రం ఇంటికి వెళ్ళి అన్నం తిన్న తర్వాతే చెప్పాలి.

జమ్మలమడుగు వైపు ఆ బాలుడు ఆ రోజు నుంచి మైదానానికి రావడం లేదని స్నేహితులు చెప్పారు. ఎవరైనా ఇంటికి పోయి పిలిచారా అని అడిగితే, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.