ఉన్నట్టుండి కరవదు కుక్క: దాని భాష ఫోనులో ఆటగా నేర్పాలి

"మంచి కుక్కే సార్. ఉన్నట్టుండి కరిచింది." కుక్కకాటు సూది కోసం ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్ళ నోట తరచూ వినపడే మాట ఇది. కిందటి వేసవిలో నేనూ ఇదే చెప్పాను. సెలవులకు వచ్చిన మా ఐదేళ్ళ మనవడు, సంగటి తింటున్న కుక్క మెడ చుట్టూ చేతులు వేశాడు. ముంజేతిలో పళ్ళు దిగాయి.

తర్వాత నిదానంగా తలచుకుంటే నేను చెప్పింది అబద్ధమని తెలిసింది. పిల్లవాడు దగ్గరికి పోగానే కుక్క తినడం ఆపింది. ఒళ్ళు కర్రలా బిగదీసింది. తల తిప్పకుండానే కంటి తెలుపు కనపడేలా ఓరగా చూసింది. గొంతులో సన్నగా గుర్రుమంది. నాలుగుసార్లు చెప్పిందన్నమాట. అరుగు మీద పెద్దవాళ్ళం ముగ్గురం ఉన్నాం. తోక ఊపుతోంది కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాం.

సూది మందు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితమే. కానీ చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వెళ్ళాలి. నాలుగు దినాల కూలి పోయె, బస్సు ఛార్జీలు పోయె. పక్కింటి అబ్బాయి, "ఆ కుక్కను ఇంకా ఉంచుకున్నావా మామా, తోలెయ్" అన్నాడు. తోలేస్తే రాత్రికి వేరుశనగ చేను అడవిపందుల పాలవుతుంది. రెండెకరాల రైతుకు కంచె వేయించే స్తోమత ఎక్కడిది? చేనుకు కుక్క కావాలి, ఇంట్లో పిల్లలు క్షేమంగా ఉండాలి. రెండూ కావాలంటే కుక్క చెప్పేది మనకు అర్థం కావాలి.

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్‌తో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారు. అందులో 36 శాతం మన దేశంలోనే. పిచ్చికుక్క అని అనుమానం ఉన్న జంతువులు కరిచినవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలు. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను రూపుమాపాలని కేంద్రం 2021లో ప్రణాళిక ప్రకటించింది. మంచిదే. టీకాలు కావాల్సిందే. అయితే కాటు పడకుండా చూసే చదువు కూడా కావాలి కదా?

ఆ చదువు ఆటగా చెప్పవచ్చు. ఐరోపాలో 3 నుంచి 6 ఏళ్ళ పిల్లల కోసం 'బ్లూ డాగ్' అనే కంప్యూటర్ ఆట తయారుచేశారు. తెరమీద నీలం రంగు కుక్క ఉంటుంది. అది నిద్రపోతున్నప్పుడో తింటున్నప్పుడో బొమ్మలోని పిల్లవాడు ఏం చేయాలో ఆడేవారే ఎంచుకోవాలి. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో మరో సంగతి ప్రచురించారు. పళ్ళు బయటపెట్టిన కుక్కను చూసి చిన్నపిల్లలు అది నవ్వుతోందని పొరబడుతున్నారట. పెద్దవాళ్ళూ కొన్ని గుర్తులు పోల్చలేకపోయారు. చిన్న చిన్న వీడియోలు చూపి నేర్పితే మెరుగుపడ్డారు. ఏడాది తర్వాత అడిగినా మరిచిపోలేదు.

"పుట్టినప్పటినుంచి కుక్కల మధ్యే ఉన్నాం, మాకు ఫోను చెప్పాలా?" అని మీరు అడగవచ్చు. గొర్రెల కాపరికి అక్కర్లేదు, నిజమే. ఆయన తన కుక్క చెవి కదిలితేనే కనిపెడతాడు. కానీ ఆయన కొడుకు హాస్టల్లో చదువుతున్నాడు. మనవడు పట్నంలో పెరుగుతున్నాడు. మందవెంట నడిచి నేర్చుకున్న విద్య వాళ్ళకు అందే దారేది? ఫోను మాత్రం వాళ్ళ చేతిలో ఎలాగూ ఉంది.

అయితే ఐరోపా ఆటను తెచ్చి తెలుగు మాటలు అతికిస్తే చాలదు. అందులో మన నులకమంచం ఉండదు, కళ్ళం ఉండదు, గొలుసుతో కట్టేసిన కాపలాకుక్క ఉండదు. మన ఊరికుక్కలనే వీడియో తీయాలి. వీడియో కోసం వాటిని రెచ్చగొట్టకూడదు. పది సెకన్లు చూపి ఆపి, "ఇప్పుడిది ఏమంటోంది? రా అంటోందా, పో అంటోందా?" అని అడగాలి. జవాబు చెప్పాక మిగతాది చూపాలి. తప్పు చెబితే మార్కులు కోయకుండా అదే వీడియో మెల్లగా మళ్ళీ చూపి, ఎక్కడ చూడాలో చెప్పాలి. చదువురాని అవ్వ కూడా ఆడేలా మాటలన్నీ వినిపించాలి. ఒకసారి దించుకుంటే సిగ్నల్ లేని చేనులోనూ పనిచేయాలి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. పిల్లవాడి పక్కన పెద్దవాళ్ళొకరు కూర్చోవాలి.

ఒక జాగ్రత్త ముఖ్యం. ఆటలో ఓడితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు, నిజం కుక్క దగ్గర ఆ వీలు లేదు. అందుకే ప్రతి ఆట చివర ఫోను పక్కన పెట్టించి, "ఇవాళ మీ కుక్క తినేటప్పుడు పది అడుగుల దూరంలో నిలబడి దాని తోక, చెవులు చూడండి" అని పని చెప్పాలి. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం, పశుసంవర్ధక శాఖ కలిస్తే ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదని నా అభిప్రాయం. పాలదిగుబడి గురించి వీడియోలు తీయగలిగినప్పుడు ఇది ఎందుకు తీయలేరు?

అది వచ్చేలోపు ఇంట్లో నాలుగు మాటలు నేర్పుకుందాం. తోక ఊపిందల్లా స్నేహం కాదు. ఒళ్ళంతా వదులుగా కదిలిస్తూ ఊపితే స్నేహం. తోక నిటారుగా ఎత్తి, ఒళ్ళు బిగించి చిన్నచిన్నగా ఊపితే జాగ్రత్త. నిద్ర లేకుండానే ఆవులించడం, తిండి లేకుండానే మూతి నాక్కోవడం, మొహం పక్కకు తిప్పుకోవడం ఇబ్బంది పడుతోందనడానికి గుర్తులు. తింటున్న, నిద్రపోతున్న, కట్టేసిన కుక్క దగ్గరికి, పిల్లల తల్లి దగ్గరికి పసివాళ్ళను పోనివ్వకండి. గుర్రుమన్నదని కుక్కను కొట్టకండి. కొడితే గుర్రుమనడం మానుతుంది గానీ కరవడం మానదు. ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి పోవాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు.

మా కుక్కకు అంతకుముందు టీకా వేయించలేదు. ఆ తప్పు నాదే. ఇప్పుడు వేయించాను. సంగటి గిన్నె దొడ్డి వెనకకు మార్చాను. ఈ సంక్రాంతికి వచ్చిన మనవడు దూరంనుంచే, "తాతా, అది మూతి నాక్కుంటోంది, నన్ను రావద్దంటోంది" అన్నాడు. ఆ ఒక్క మాట ఊళ్ళో ప్రతి పిల్లవాడూ చెప్పగలగాలి.