డిజిపిన్ వచ్చినా 583 ఎక్కడికీ పోదు

2025 మే 27న డిజిపిన్ అనే కొత్త చిరునామా కోడ్ విడుదలైన దగ్గర్నుంచి పిన్‌కోడ్ పని అయిపోయిందన్న రాతలే ఎక్కడ చూసినా. తపాలా శాఖ ఆ మాట అనలేదు. పైగా అదే రోజు పిన్‌కోడ్ తెలుసుకునే పోర్టల్‌నూ కలిపి తెచ్చింది. శీర్షికలు పెట్టేవాళ్లకు మాత్రం కొత్తది పుడితే పాతది చావాల్సిందే. నెట్‌వర్కుల మధ్య బతికే నాకు చిరాకు ఇంకోచోట. ఎక్కడుందో చెప్పడం వేరు, అక్కడికి ఎటు పోవాలో చెప్పడం వేరు. పేరు, చిరునామా, దారి మూడూ మూడు సంగతులని 1981 నాటి ఇంటర్నెట్ ప్రొటోకాల్ (ఐపీ) ప్రమాణ పత్రమే విడదీసి చెప్పింది.

బళ్లారి బ్రూస్‌పేటలో ఎవరో రాయదుర్గానికి కవరు వేశారనుకోండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా ముక్కలైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగతావి మైసూరుకు పోయాయి. రాయదుర్గం అనంతపురం జిల్లాలో, తక్కిన రెండూ కర్నూలు జిల్లాలో చేరాయి. పంతొమ్మిదేళ్ల తర్వాత, 1972 ఆగస్టు 15న, శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన పిన్ వచ్చింది. మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లాదాకా తీసుకెళ్తాయి, చివరి మూడు బట్వాడా పోస్టాఫీసువి. బళ్లారికి 583, రాయదుర్గానికి 515, ఆదోనికి 518. రాయదుర్గానికి అనంతపురం కన్నా బళ్లారే దగ్గర, మధ్యలో రైలుమార్గమూ ఉంది. అయినా అంకెలు అనంతపురం వైపే చూపిస్తాయి. దీన్ని తెలివితక్కువతనం అనేవాళ్లున్నారు. కాదు. ఆ అంకెలు సంచి నడిచే దారిని చెబుతాయి, మైళ్లను కాదు. సార్టింగ్ చేసే మనిషి 515 చూస్తే చాలు, చెయ్యి దాని అర వైపు పోతుంది. వీధి పేరుతో అతనికి పనిలేదు.

డిజిపిన్‌లో అలాంటి దారి లేదు. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ తోడ్పాటుతో తయారైన ఈ పది అక్షరాల కోడ్ దేశాన్ని 36 డిగ్రీల చదరంలో ఇరికించి, పదహారేసి గడులుగా పదిసార్లు కోస్తుంది. చివరికి మిగిలేది సుమారు నాలుగు మీటర్ల చదరం. కోత ఎక్కడ పడిందో చూడండి. ముంబయి, చెన్నై, హైదరాబాద్, బళ్లారి అన్నిటికీ మొదటి అంకె 4. రెండో విడత గీతల్లో ఒకటి 77 డిగ్రీల రేఖాంశం, అది బళ్లారికి తూర్పున పది కిలోమీటర్లలోపే పోతుంది. అందుకే బళ్లారి, రాయదుర్గం 44 అయ్యాయి, ఆదోని, ఆలూరు 45 అయ్యాయి. 1953లో విడగొట్టిన రాయదుర్గాన్ని లెక్క మళ్లీ బళ్లారితో కలిపింది. ఆ సంగతి ఏ తపాలా సంచికీ తెలియదు! ఇక ఇరుకు సందులో పది అడుగుల కొట్లు ఆనుకుని ఉంటే రెండు కొట్లకూ ఒకే గడి తగులుతుంది. కింద కొట్టు, పైన కాపురం ఉన్నా కోడ్ ఒకటే. మేడల మధ్య ఫోన్ ఐదారు మీటర్లు పొరబడితే చివరి అక్షరం మారిపోతుంది.

ఇంటర్నెట్‌లో ఈ తగాదా ఎప్పుడో తేలిపోయింది. ఐపీ నంబర్లను ఊళ్లను బట్టి పంచాలన్న వాదన 1990లలో వినిపించింది. నిలిచింది మాత్రం 1993 నాటి సీఐడీఆర్ పద్ధతి. ఏ నెట్‌వర్క్ కింద ఉన్నవాళ్లైనా దాని ముందు అంకెలే తీసుకోవాలి, బయటివాళ్లకు అందరి తరఫునా ఒక్క వరుస చెబితే సరి. పక్కపక్క ఇళ్లలో వేర్వేరు కంపెనీల కనెక్షన్లుంటే నంబర్లకు పోలికే ఉండదు. ఈ ఇంటి ప్యాకెట్ ఆ ఇంటికి చేరడానికి, ఆ కంపెనీలు కలిసే బెంగళూరో హైదరాబాదో చుట్టిరావాల్సి రావచ్చు. వింతే, కానీ రూటర్లు బతికింది దానివల్లే. ఆ క్రమం సడలి ఎవరికివారు చిన్న ముక్కలు ప్రకటించుకుంటూ పోతే ఏమైందో 2014 ఆగస్టు 12న చూశాం. దారుల పట్టిక 5,12,000 వరుసలు దాటింది, పాత రూటర్ల మెమరీ చాల్లేదు, చాలాచోట్ల సైట్లు నిలిచిపోయాయి.

పొలంలో ఒంటరి ఇంటికి అంబులెన్స్ రావాలంటే డిజిపిన్ మంచిదే, ఒప్పుకుంటాను. అక్కడ దారి వెతికేది డ్రైవరు చేతిలోని మ్యాపు. ప్రతి గడి ఏ బట్వాడా పోస్టాఫీసు కిందికి వస్తుందో ఒక పట్టిక తయారుచేస్తే పిన్‌ను తీసేయొచ్చు కదా అని వాదించేవాళ్లున్నారు. చేయనివ్వండి. ఆ పట్టికలో డిజిపిన్‌కు ఎదురుగా ఏం రాస్తారు? 583101 లాంటి ఆరంకెలే.