చదువునకు పౌరసత్వ మడుగరాదు

2017 ఆగస్టు మాసాంతమున మయన్మారు సైన్యము రఖైన్ రాష్ట్రములోని రోహింగ్యా పల్లెలపైబడి దహనకాండ సాగింపగా, కొలది మాసములలోనే ఏడు లక్షలకు మించిన జనము కొండదారులు పట్టియు, నాఫ్ నదిని దాటియు బంగ్లాదేశ్ చేరిరి. ఆ సైన్యమునకును అరకాన్ ఆర్మీ యను సాయుధ దళమునకును నడుమ చెలరేగిన యుద్ధము వలన 2024 మొదలుకొని మరి లక్షకు పైబడిన నిర్భాగ్యులు అదే దారి పట్టిరి. 2017లో తల్లి చంకనుండి ఏరు దాటిన శిశువు లీనాటికి మూడవ తరగతియో నాల్గవ తరగతియో చదువుచుండవలసిన వయస్సువారు. కాక్స్ బజార్ జిల్లా శిబిరములలోని పది లక్షలకు మించిన శరణార్థులలో సగమునకు పైగా బాలలే. వారికి నేటికిని బడియని చెప్పదగిన బడి లేదు.

ఉన్నవి వెదురు తడికెలతో, టార్పాలిన్ పట్టాలతో నిలిపిన అభ్యాసకేంద్రములు మాత్రమే. బంగ్లా భాషలో బోధించుటగాని, బంగ్లాదేశపు పాఠ్యప్రణాళికను అనుసరించుటగాని కూడదని అచ్చటి ప్రభుత్వము శాసించినది. శరణార్థులు రేపో మాపో స్వదేశమునకు మరలిపోవుదురను తలంపుతో చేసిన ఈ కట్టడి వలన, ఏ దేశమును గుర్తింపని అనధికార బోధనతోనే ఏండ్లు గడచినవి. 2021 చివర మయన్మారు పాఠ్యప్రణాళికను ప్రవేశపెట్టుట మేలైన కార్యమేయైనను, శరణార్థులు తమంతట తాము నడుపుకొనుచున్న బడులను ఆ రోజులలోనే మూయించుట ఎంతమాత్రము సమర్థనీయము కాదు. పాఠము చెప్పువారిని కొత్తగా తెత్తమన్నను సులభము కాదు. మయన్మారులో 1982 నాటి చట్టము రోహింగ్యాలను పౌరసత్వమునకు దూరము చేసెను; రఖైన్‌లో 2012 నాటి అల్లర్ల పిమ్మట అచ్చటి సిత్వే విశ్వవిద్యాలయపు తలుపులు వారికి మూతపడెను; నేడు గురుపీఠమున కూర్చుండవలసిన తరమే ఈ విధముగా విద్యావంచితమయ్యెను. ఉపాధ్యాయినులు అరుదగుటచే, ఈడేరిన ఆడుపిల్లలను తల్లిదండ్రులు గుడిసె దాటనీయకున్నారు. ఆ పిల్లలకు చదువునకు మారుగా బాల్యవివాహము ప్రాప్తించుచున్నది. ఇది చాలదన్నట్లు, అమెరికా మొదలగు దాతృదేశములు సహాయమును కోసివేయగా, 2025 జూనులో యునిసెఫ్ సంస్థ అభ్యాసకేంద్రములను పెక్కింటిని మూసివేయవలసి వచ్చెను. రెండు లక్షలకు పైబడిన బాలల చదువు దానితో సందిగ్ధమున పడినది.

ఇదంతయు తాత్కాలికమనువారికి మా సమాధాన మొక్కటే. శిబిరము తాత్కాలికము కావచ్చును గాని బాల్యము తిరిగి రాదు. అదను తప్పిన పిమ్మట ఎంత వాన కురిసినను ఆ యేటి పంట చేతికి రాదు. శరణార్థులు స్వదేశమునకు మరలుటయే న్యాయమైన పరిష్కారమనుటలో మాకును భిన్నాభిప్రాయము లేదు. కాని మరలిన నాడు తమ హక్కులను చదివి తెలిసికొని నిలువగలవారుగా మరలవలెనా, నిరక్షరులుగా మరలవలెనా? 1971లో కోటిమంది శరణార్థులుగా భారతదేశమున తలదాచుకొనిన చరిత్ర గల బంగ్లాదేశ్, నేడు ఇంతటి జనభారమును మోయుచు చూపిన ఔదార్యమును మేము మనసార శ్లాఘించుచున్నాము. ఆ ఔదార్యము పరీక్షలకును, పట్టాలకును కూడ విస్తరింపవలెనని కోరుచున్నాము. దాతృదేశములు మాత్రము శ్లాఘకు పాత్రములు కావు. సంపన్నరాజ్యములు పొదుపు పేర పసివారి పలకలను లాగుకొనుట సిగ్గుచేటు.

ఇక మన యింటి మాట. హైదరాబాదు పరిసరములలో, బాలాపూర్ ప్రాంతమున కొన్ని వేలమంది రోహింగ్యాలు నివసించుచున్నారు. వారి పిల్లలు కొందరు ప్రభుత్వ పాఠశాలలలో చదువుకొనుచుండుట ఈ నగరమునకు శోభ. అయినను ఆధార్ కార్డు లేని బిడ్డకు ప్రవేశమో పరీక్షయో ఎక్కడ అడ్డుపడునో యను భయము ఆ తల్లిదండ్రులను వీడదు. శరణార్థుల విషయమై 1951లో ఏర్పడిన అంతర్జాతీయ ఒడంబడికపై మన దేశము సంతకము చేయలేదన్నది నిజమే. కాని బాలల హక్కుల ఒడంబడికను 1992లో అంగీకరించితిమి. మన రాజ్యాంగపు 21-ఏ అధికరణము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకుగల బాలలందరికిని ఉచిత నిర్బంధ విద్య గరపవలెనని చెప్పుచున్నదే గాని పౌరుల బిడ్డలకు మాత్రమేయని చెప్పుట లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము వయోనిర్ధారణ పత్రము లేదని ఎవరిని త్రిప్పి పంపరాదన్నది. ఎన్నడును బడి ముఖము చూడని బాలుని సైతము వయస్సునకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ మొసగవలెనన్నది. రోహింగ్యా బాలలు ప్రభుత్వ పాఠశాలలను ఆశ్రయింపవచ్చునని, నిరాకరించినచో హైకోర్టునకు పోవచ్చునని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడ పలికినది.

దేశభద్రత అల్పవిషయమని మేమనుట లేదు. ఎవరుండవలెను, ఎవరు పోవలెను అన్నది ప్రభుత్వములును న్యాయస్థానములును తేల్చవలసిన విషయము. ఆ తీర్పు వెలువడులోపల ఏడేండ్ల పిల్లకు అక్షరములు నేర్పుట వలన ఏ సరిహద్దునకును ముప్పు రాదు. నేర్పకుండుట వలన మాత్రము వీథిపాలైన బాల్యము మన కన్నులయెదుటనే పెరుగును.

కావున ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ కార్యాలయమిచ్చిన గుర్తింపు కార్డును ప్రవేశమునకును, పదవతరగతి పరీక్షకును చాలినదిగా అంగీకరించుచు తెలంగాణ విద్యాశాఖ స్పష్టమైన ఉత్తరువు జారీచేయవలెను. జూనులో బడులు తెరచునాటికి ఆ ఉత్తరువు ప్రతి ప్రధానోపాధ్యాయుని చేతికి అందవలెను.