కాలిబాట ధర్మం

మానవుడు నేర్చిన తొలి ప్రయాణం నడక. రథాలూ గుర్రాలూ, రైళ్లూ విమానాలూ ఆ తరువాత వచ్చినవే. ఎంతటి సంపన్నుడైనా వాహనం దిగిన మరుక్షణం పాదచారియే. అయినప్పటికీ నేటి నగరవీధిలో అందరికంటె చులకనైనవాడు పాదచారియే. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్న సామెత అతని విషయంలో అక్షరాలా నిజమవుతున్నది. నడిరోడ్డును మోటారు వాహనాలు ఎన్నడో ఆక్రమించుకున్నాయి. మిగిలిన కాలిబాటనైనా అతనికి నిశ్చింతగా దక్కనివ్వాలా, లేక అక్కడా చక్రాలకు చోటివ్వాలా అన్న ప్రశ్న ఇప్పుడు ప్రపంచంలోని అనేక నగరాల ముందు నిలిచి ఉన్నది.

సాయంకాలం 6 గంటలవేళ హైదరాబాదులోని కోఠీనో, విజయవాడలోని బీసెంటు రోడ్డునో గమనించినవారికి ఈ ప్రశ్న తీవ్రత తెలుస్తుంది. అంగళ్ల ముందు జనం భుజాలు రాసుకొని నడుస్తుంటారు. చేతిసంచితో ఒక వృద్ధురాలు, చంకలో బిడ్డతో ఒక తల్లి, చేతికర్రతో నేలను తాకి చూసుకొంటూ ఒక అంధుడు ఆ సమ్మర్దంలోనే ముందుకు సాగవలసి ఉంటుంది. ఇంతలో వెనుకనుండి గంట మోగిస్తూ ఒక సైకిలు వస్తుంది. ఏ వైపు తప్పుకోవాలో తెలియక వృద్ధురాలు ఉన్నచోటనే ఆగిపోతుంది. సైకిలు ఆమెను తాకకుండానే వెళ్లిపోవచ్చు. కాని మరునాడు బజారుకు బయలుదేరే ముందు ఆమె ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. ఇది ప్రమాదాల లెక్కలకు ఎక్కని నష్టం. భయం వలన గడప దాటలేని మనిషికి ఎంత పెద్ద నగరమున్నా లేనట్లే.

ఈ భయం నిరాధారమైనది కాదు. మనిషి సాధారణంగా గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో నడుస్తాడు. సైకిలు 15 కిలోమీటర్ల వేగాన్ని సునాయాసంగా అందుకుంటుంది. గతిజశక్తి వేగవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు తెలుసు. అనగా వేగం మూడింతలైతే, బరువు అంతే ఉన్నా తాకిడిశక్తి తొమ్మిదింతలవుతుంది. 15 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడు ఎదుటి మనిషిని చూచి బ్రేకు వేయడానికి ఒక్క సెకను పట్టినా, ఈలోపలే సైకిలు 4 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. కిక్కిరిసిన కాలిబాటపై 4 మీటర్ల ఖాళీ ఎక్కడిది? స్కేటుబోర్డు సంగతి మరొక విధమైనది. నాలుగు చిన్న చక్రాలపై నిలిచిన ఆ పలకకు సాధారణంగా బ్రేకులుండవు. ఎక్కినవాడు అదుపు తప్పి క్రిందికి దూకినా, పలక తన దారిన దూసుకొనిపోయి ఎవరి కాళ్లకో తగులుతుంది. చప్పుడు లేకుండా పరుగెత్తే బ్యాటరీ స్కూటర్లు ఇటీవల వీటికి తోడైనాయి. చెవులనే కన్నులుగా చేసుకొని నడిచే అంధునికి వీటి రాకను పసిగట్టడం మిక్కిలి కష్టం.

నడిచేవారికి వేరుగా దారి ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం దుర్గనిర్మాణాన్ని వివరించే సందర్భంలో రథాలకు 5 అరత్నుల బాటను, మనుష్యులకూ చిన్న పశువులకూ 2 అరత్నుల బాటను వేరువేరుగా పేర్కొన్నది. అరత్ని అంటే ఇంచుమించు మూర. రెండు మూరల బాట ఇరుకైనదే. అయినా ఆ ఇరుకుబాట నడిచేవారికని ఏర్పడినదే. ఎదురుపడినప్పుడు ఎవరికి ఎవరు దారి ఇవ్వాలో ధర్మశాస్త్రాలు సైతం చెప్పాయి. వృద్ధుడు, రోగి, బరువు మోసేవాడు, స్త్రీ ఆ జాబితాలో ఉన్నారు. వారితోపాటు రాజు, వాహనమెక్కినవాడు కూడ ఉన్నారు. అధికారానికి దారి ఇమ్మనడం ప్రజాస్వామ్యానికి సరిపడని మాట. దానిని వదలివేయవచ్చు. కాని సులువుగా తప్పుకోలేనివానికి తప్పుకోగలవాడు దారి ఇవ్వాలన్న సూత్రం మాత్రం నేటికీ శిరోధార్యమే.

ఆధునిక శాసనాలు ఈ సూత్రాన్నే తమవైన పద్ధతుల్లో అమలుపరిచాయి. ఇంగ్లండులో 1835 నాటి రహదారుల చట్టం కాలిబాటపై బండ్లు నడపడాన్ని నిషేధించింది. అప్పటికి నేటి రూపంలోని సైకిలు పుట్టనే లేదు. అది వచ్చి వీధులను నింపిన తరువాత, 1888లో మరొక చట్టం సైకిలును కూడ బండిగానే పరిగణించింది. మనదేశంలో కాలిబాటపై మోటారు వాహనం నడపరాదన్న నిబంధన చాలకాలంగా ఉన్నది. 2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానం మరొక అడుగు ముందుకు వేసి, పాదచారులకు కాలిబాటపై గల హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగమేనని స్పష్టం చేసింది. కనుక కాలిబాటను కాపాడడం ఏ పురపాలక సంఘమో దయతలచి చేసే ఉపకారం కాదు. అది రాజ్యాంగం విధించిన బాధ్యత.

ఈ వాదానికి ఎదురువాదం లేకపోలేదు. సైకిలు పొగ విడువదు, ఇంధనం కోరదు, దేహానికి వ్యాయామం చేకూర్చుతుంది. పేదవానికి అది వాహనమే కాక జీవనాధారం కూడ. సైకిలు వెనుక తేనీటి పాత్ర కట్టుకొని అంగడి అంగడికి తిరిగేవాడు, తెల్లవారుజామున పత్రికలు పంచే కుర్రవాడు, పాలక్యానులు మోసే మనిషి సరదాకు సైకిలు తొక్కడం లేదు. బస్సులూ లారీల మధ్య ప్రాణభయంతోనే వారు కాలిబాట ఎక్కుతున్నారు. వారిని అక్కడినుండి దింపి మళ్లీ ఆ లారీల మధ్యకే పంపడం న్యాయమా అని సైకిలు పక్షం వహించేవారు ప్రశ్నిస్తారు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

ఆలోచన లేని నిషేధం ఎవరిని కొడుతుందో కోల్‌కతా అనుభవం తెలియజేస్తుంది. 2013లో ఆ నగర పోలీసులు 174 వీధుల్లో సైకిళ్లనూ తోపుడుబండ్లనూ నిషేధించారు. దాని ఉద్దేశం మోటారు వాహనాల రాకపోకలు సాఫీగా సాగడం. పాదచారి రక్షణ అందులో ప్రధానం కాదు. ఫలితంగా పాలవారు, పత్రికలు పంచేవారు, చిల్లర వర్తకులు జరిమానాల పాలయ్యారు. అంటే బలవంతుని సౌకర్యం కోసం బలహీనుణ్ణి తొలగించడమే జరిగింది. అటువంటి నిబంధనను నియంత్రణ అనడం కంటె పక్షపాతం అనడమే సమంజసం.

దీనికి భిన్నమైన మార్గాన్ని డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ చూపింది. సైకిలును అంతగా ఆదరించిన నగరం ప్రపంచంలో మరొకటి అరుదు. అక్కడి పెద్ద రోడ్ల ప్రక్కన సైకిళ్లకు ప్రత్యేకమైన బాటలున్నాయి. అదే నగరం 1962లో స్ట్రోయెట్ అనే తన ప్రధాన విపణివీధినుండి మోటారు కార్లను తొలగించి, సుమారు 1 కిలోమీటరు పొడవున దానిని పాదచారులకు అప్పగించింది. ఆ వీధిలోనికి వచ్చిన సైకిలువాడు దిగి, హ్యాండిలు పట్టుకొని నడిపించుకొని వెళ్లవలసిందే. సైకిలును ప్రేమించే నగరమే సైకిలు దిగమనడంలో వైరుధ్యమేమీ లేదు. ఎక్కడ తొక్కాలో చూపిన తరువాతనే ఎక్కడ తొక్కరాదో అది చెప్పింది. దిగమని చెప్పే హక్కు తొక్కడానికి చోటిచ్చినవారికే చెల్లుతుంది.

హైదరాబాదులోనూ సైకిలుబాట లేకపోలేదు. బాహ్యవలయ రహదారి వెంబడి 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకాల పైకప్పుతో నిర్మించిన బాట 2023లో ప్రారంభమైంది. వ్యాయామానికై తొక్కేవారికి అది మేలైనదే. అయితే బేగంబజారులో సరుకులు మోసే సైకిలుకు ఊరి వెలుపలి నీడబాట వలన ఒరిగేదేమీ లేదు. రద్దీ ఎక్కడ ఉన్నదో బాట కూడ అక్కడే కావాలి.

స్కేటుబోర్డు విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. నార్వే దేశం ప్రమాదాలకు వెరచి 1978లో స్కేటుబోర్డును పూర్తిగా నిషేధించింది. యువకులు మానలేదు సరికదా, అడవుల్లో రహస్యంగా చెక్క వాలుబల్లలు నిర్మించుకొని ఆట సాగించారు. 1989లో ఆ నిషేధం తొలగిపోయింది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం లవ్ పార్కు అనే కూడలిలో స్కేటుబోర్డులను అడ్డగించినప్పుడు, ఆ స్థలాన్ని మొదట ఊహించిన నగర ప్రణాళికావేత్త ఎడ్మండ్ బేకన్ 2002లో తానే శిరస్త్రాణం ధరించి, ఇతరుల ఆసరాతో స్కేటుబోర్డు ఎక్కి నిరసన తెలిపాడు. అప్పటికి ఆయన వయస్సు 92 సంవత్సరాలు. లండన్ నగరం మాత్రం థేమ్స్ ఒడ్డున ఒక భవనం క్రింద యువకులు 1970ల నుండి ఆడుకొంటున్న చోటును అంగళ్లుగా మార్చాలన్న యోచనను విరమించి, 2014లో దానిని వారికే విడిచిపెట్టడానికి సమ్మతించింది. ఆడుకొనే చోటు ఉన్నప్పుడు కాలిబాటపైకి రావద్దన్న మాటకు బలం చేకూరుతుంది. ఒకప్పుడు అల్లరిగా ఎంచబడిన ఈ ఆట 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో చోటు సంపాదించుకున్నదని కూడ గుర్తుంచుకోవాలి.

ఈ అనుభవాలన్నిటినుండి తేలే సారం ఒక్కటే. నిబంధనకు కొలత వేగం కావాలి గాని, బండి పేరో, ఎక్కినవాని అంతస్తో కారాదు. నడకవేగంతో నడకవారి నడుమ సాగే దేనితోనూ పేచీ లేదు. ఆ వేగాన్ని మించినది ఏదైనా, అది సైకిలు కావచ్చు, చక్రాల పలక కావచ్చు, వేల రూపాయల బ్యాటరీ స్కూటరు కావచ్చు, రద్దీ కాలిబాటపై దిగి నడవవలసిందే. రోజంతా ఒకే నియమం ఉండనక్కరలేదు. ఢిల్లీలోని చాందినీచౌక్‌ను పునర్నిర్మించి 2021లో ప్రారంభించినప్పుడు, ఉదయం 9 గంటల నుండి రాత్రి 9 గంటల వరకు మోటారు వాహనాలకు ప్రవేశం లేదన్నారు. అంటే రద్దీ వేళను గుర్తించి నియమం ఏర్పడింది. ఆ విధంగానే తెల్లవారుజామున నిర్జనమైన వీధిలో పత్రికలు పంచే కుర్రవాణ్ణి దిగమనవలసిన పని లేదు. అందరికీ ఒకే నియమం ఉండాలని కూడ లేదు. జపాన్‌లో 13 ఏళ్లలోపు పిల్లలూ, 70 ఏళ్లు నిండిన వృద్ధులూ కాలిబాటపై సైకిలు తొక్కవచ్చు. అయితే వారు మెల్లగా సాగాలి. పాదచారికి అడ్డమైతే ఆగాలి. రోడ్డుపైకి పంపితే ప్రాణాపాయం కలిగేవారిని మినహాయించడం వివేకమే. ఇక శిక్ష విషయానికి వస్తే, జీవనాధారమైన సైకిలును జప్తు చేయడం ఆ కుటుంబం అన్నాన్ని జప్తు చేయడమే. హెచ్చరిక, ఆపైన స్వల్పమైన జరిమానా చాలు.

మన నగరాలకు సంబంధించి మరొక్క మాట చెప్పక తప్పదు. ఇక్కడ కాలిబాట ఎక్కి పాదచారిని బెదరించేది ముఖ్యంగా సైకిలు కాదు, మోటారు సైకిలు. కూడలిలో వాహనాలు నిలిచిపోగానే వెనుకనున్న మోటారు సైకిళ్లు కాలిబాట ఎక్కి, హారను మోగిస్తూ, నడిచేవారినే ప్రక్కకు తొలగమంటాయి. ఉన్న నిబంధనను వీటిపై అమలు చేయకుండా సైకిలుకు కొత్త నిబంధన కల్పించడం హాస్యాస్పదం. నియంత్రణ ఎప్పుడూ బలవంతునితోనే మొదలు కావాలి. అప్పుడే బలహీనుడు దానిని న్యాయంగా అంగీకరిస్తాడు.

శాసనాలు ఎన్ని ఉన్నా ప్రతి కాలిబాట మీదా రక్షకభటుణ్ణి నిలపడం సాధ్యం కాదు. ముందు నడుస్తున్న వృద్ధురాలిని చూచి, గంట మోగించి తొలగమనడమా, లేక సైకిలు దిగి నాలుగడుగులు ఆమె వెనుకనే నడవడమా అన్న నిర్ణయం ఆ క్షణంలో తొక్కేవానిదే. దిగినందువలన అతనికి కలిగే నష్టం ఒకటి రెండు నిమిషాలు. దిగనందువలన ఆమెకు కలిగే నష్టం విరిగిన ఎముక కావచ్చు, మళ్లీ వీధిలోకి రాలేని భయం కావచ్చు. ఈ రెంటినీ తూచి చూడగలగడమే నాగరికత. కళాశాలకు సైకిలుపైనో, మోటారు సైకిలుపైనో వెళ్లే ప్రతి విద్యార్థీ నేడు కాకున్నా రేపు కాలినడకన అదే వీధిలో సాగవలసినవాడే. తాను వృద్ధుడైన నాడు ఏ దారి కోరుకుంటాడో, ఆ దారిని ఈనాటి వృద్ధులకు అతడు విడిచిపెట్టాలి. కాలిబాట ధర్మం అంతకు మించినది కాదు.