డిష్ సోలార్ కుక్కర్: పంపిణీకి ముందు పాఠం కావాలి

కిసాన్ మేళాలలో డిష్ సోలార్ కుక్కర్ చుట్టూ ఎప్పుడూ జనం గుమిగూడుతారు. నాభి వద్ద పట్టుకున్న ఎండుపుల్ల క్షణాలలో పొగలు కక్కి అంటుకోగానే చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్లే ఈ పరికరానికి కొంత చేటు చేశాయనడం అతిశయోక్తి కాదు. పుల్లను మండించిన వెలుగే నైలాన్ చీర కొంగును కరిగిస్తుందనీ, కంటిలో పడితే చూపుకు హాని చేస్తుందనీ ఆ సందడిలో చెప్పేవారు అరుదు. కుక్కర్ ఇంటికి చేరుతుంది. నాలుగు రోజుల ముచ్చట తీరాక పెరటి గోడకు ఆనుకొని దుమ్ము పట్టిపోతుంది.

దీనికి కారణం ఎండ కొరత కాదు, గృహిణుల అనాసక్తి అంతకన్నా కాదు. రైతుకు స్ప్రేయరు అందించినప్పుడు మందు కలిపే మోతాదు, గాలివాటు, ముఖానికి గుడ్డ కట్టుకోవలసిన అవసరం చెప్పడం విస్తరణ సిబ్బంది విధిగా అందరూ అంగీకరిస్తారు. సోలార్ డిష్‌ను మాత్రం వంటపాత్రల జాబితాలో చేర్చి, చేతికిస్తే చాలునని భావిస్తున్నారు. నిజానికి అది గిన్నె కాదు, యంత్రం. నేర్పనిదే ఇవ్వరాదు.

ఈ పొరపాటుకు చరిత్ర ఉంది. 1950లలోనే న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరావలయ పరావర్తకంతో సోలార్ కుక్కర్‌ను రూపొందించింది. అది మార్కెట్‌కు వచ్చింది గాని వంటిళ్ళకు చేరలేదు. 1980లలో రాయితీతో ప్రచారం పొందిన పెట్టె రకం కుక్కర్ నెమ్మదిగా ఉడికించినా, ఏమరుపాటును మన్నించే స్వభావం గలది. డిష్ రకానికి ఆ ఓర్పు లేదు. వేగంగా వండుతుంది, వేగంగానే కాలుస్తుంది.

అందువల్ల కొనుగోలు దశలోనే జాగ్రత్త మొదలుకావాలి. జర్మనీ ఇంజినీరు డీటర్ సైఫర్ట్ రూపొందించిన ఎస్.కె-14 నమూనాలో డిష్ వ్యాసం 1.4 మీటర్లు, నాభ్యంతరం 28 సెంటీమీటర్లు. లెక్కకట్టి చూస్తే డిష్ లోతు సుమారు 44 సెంటీమీటర్లు అవుతుంది. అంటే వెలుగు కేంద్రీకృతమయ్యే బిందువు అంచు కన్నా 15 సెంటీమీటర్లకు పైగా లోపలే ఉంటుంది. పక్కన నిలబడిన మనిషి ముఖమో, ఆడుకుంటున్న పిల్లవాడి చేయో యాదృచ్ఛికంగా అక్కడికి పోవడం కష్టం. అదే వెడల్పుతో 60 సెంటీమీటర్ల నాభ్యంతరం గల డిష్ లోతు 20 సెంటీమీటర్లే. దాని నాభి అంచుకు 40 సెంటీమీటర్ల వెలుపల గాలిలో తేలుతుంది. రేకు తక్కువ పడుతుంది కనుక అటువంటివి చౌకగా దొరుకుతాయి. రాయితీ ఇచ్చే శాఖలు ధరతోపాటు నాభి ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. నాభి అంచు దాటే నమూనాలను పిల్లలున్న ఇళ్ళకు ఇవ్వడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

శక్తి విషయంలో గొప్పలు చెప్పడం కూడా నష్టమే. ఎస్.కె-14 ముఖవైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 800 వాట్ల నేరుఎండ పడినప్పుడు దాని మీదికి దాదాపు 1,200 వాట్లు చేరుతుంది. పాత్రకు దక్కేది అందులో సగానికి లోపే. 3 లీటర్ల నీరు మరగడానికి అరగంట పడుతుంది. గ్యాసు పొయ్యితో పోటీ అని చెప్పి ఇస్తే మొదటి రోజే నిరాశ కలుగుతుంది. పైగా ఇది నేరుగా పడే ఎండనే వాడుకోగలదు. పలుచని మబ్బు కమ్మినా, ఆకాశం పాలిపోయినా పని కుంటుపడుతుంది.

ఇక వాడుక. పాత్రను పెట్టేటప్పుడు, మూత తీసి కలిపేటప్పుడు, దించేటప్పుడు డిష్‌ను ముందుగా ఎండ నుంచి పక్కకు తిప్పాలి. అన్ని సూచనలలోనూ ఇదే మొదటిది. ఎండ వైపు తిరిగి ఉన్న డిష్‌లోకి వంగి చూడరాదు. నల్ల కళ్ళద్దాలు ఉన్నా ఈ నియమం సడలదు. వంట చేసేవారు డిష్ ముందు కాక పక్కన గాని వెనుక గాని నిలబడాలి, నూలు చీర కట్టుకుని కొంగు దోపుకోవాలి. పిడులు కూడా కాలుతాయి కనుక మసిగుడ్డ దగ్గర ఉండాలి. ఖాళీ పాత్రను నాభి వద్ద వదిలితే అడుగు మాడి వంకరపోతుంది. నూనె వంటలకు ఒక క్షణమైనా కాపలా తప్పదు, ఎందుకంటే ఇక్కడ మంట తగ్గించే మీట లేదు. డిష్‌ను తిప్పడమే మంట తగ్గించడం. ఈదురుగాలుల కాలంలో కాళ్ళకు రాళ్ళు పెట్టి కట్టడం తప్పనిసరి.

అసలు ప్రమాదం వంట ముగిశాక పొంచి ఉంటుంది. పాత్ర దించి డిష్‌ను ఏదో ఒక వైపు వదిలేస్తే, కదిలే సూర్యుడు ఎప్పుడో ఒకప్పుడు దానికి ఎదురుగా వస్తాడు. గడ్డివాము, తాటాకుల పాక పక్కనే ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పాత గోనెపట్టానో దుప్పటినో కప్పడం, లేదా బోర్లించడం వంటలో భాగంగానే నేర్పాలి.

సామర్థ్యం పెంచే ఉపాయాలు చాలావరకు ఇంట్లోనే ఉన్నాయి. కట్టెల పొయ్యి మీద మసి పట్టిన పాత గిన్నెను తోమకుండా వాడితే, మెరిసే స్టీలు పాత్ర కన్నా ఎక్కువ వేడిని గ్రహిస్తుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. పాత్ర అడుగు వెడల్పుగా ఉంటే పావుగంటకొకసారి సరిచేసినా చాలు. అంచుకు బిగించిన మేకు నీడ కనబడకుండా పోతే డిష్ గురి కుదిరినట్లే. వేసవి మధ్యాహ్నాలు మాత్రం ఒక చిక్కు తెస్తాయి. ఏప్రిల్ చివరి వారంలో తిరుపతి వంటి చోట సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు డిష్ ఆకాశం కేసి వెల్లకిలా ఉంటుంది, గంజి పొంగితే నేరుగా అద్దం మీదే పడుతుంది. పాత్రను మూడింట రెండు వంతులకు మించి నింపరాదు. ఇక బూడిద, చింతపండు, కొబ్బరి పీచుతో తళతళలాడేలా తోమడం ఎంత మంచి అలవాటైనా అల్యూమినియం అద్దానికి అది శాపం. పడిన ప్రతి గీత కొంత వెలుగును మింగుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు తడి మెత్తటి గుడ్డతో తుడవడమే సరి.

ఎవరికి ఇవ్వాలన్నది అన్నింటికన్నా పెద్ద ప్రశ్న. కూలి పనికి ఉదయం ఏడింటికే వెళ్ళే ఇల్లాలికి మధ్యాహ్నపు ఎండ ఎంత ఉంటే ఏం లాభం? పావుగంటకొకసారి డిష్ తిప్పడానికి ఇంట్లో మనిషి ఉండాలి. పదిమంది వరకు భోంచేసే ఉమ్మడి ఇళ్ళు, పశువులకు ఉలవలు ఉడికించే పాడి రైతులు, వేరుశనగ కాయలు ఉడికించి అమ్మే స్వయం సహాయక సంఘాలు దీనికి తగినవారు. గ్యాసు వచ్చాక దీనితో పనేమిటనే వాదనలో కొంత నిజం ఉంది. అయితే సిలిండరు ఉన్న ఇళ్ళలోనూ పప్పు ఉడకడానికి, నీళ్ళు కాగడానికి కట్టెలే మండుతున్న చోట ఆ వాదన నిలవదు.

తిరుమలలో 2002లో నెలకొల్పిన 106 షెఫ్లర్ డిష్‌ల ఆవిరి వంటశాల వంటివాటిని చూడడానికి సిబ్బంది ఉంటారు. పల్లెలో అటువంటి ఆసరా లేదు. తిరుపతికి వాయవ్యాన, పట్టు ఉత్పత్తి చేసే బైసానివారిపల్లెకు 2004లో ఆస్ట్రియాకు చెందిన ఇంటర్‌సోల్ సంస్థ సాయంతో ఎస్.కె-14 కుక్కర్లు ఊరంతటికీ అందాయి. మండలానికి రెండేసి చొప్పున చల్లడం కన్నా ఇదే మేలైన మార్గం. ఒక ఇంట్లో తెలిసిన కిటుకు పక్కింటికి పాకుతుంది.

గృహవిజ్ఞాన విభాగాలు పంపిణీ నాటి ప్రదర్శనతో ఆగక, వేసవిలో ఒకసారి, చలికాలంలో మరొకసారి ఆ ఇళ్ళకు వెళ్ళాలి. రాయితీ చివరి విడతను రెండవ సందర్శనతో ముడిపెట్టాలి. పరీక్ష కష్టమైనదేమీ కాదు. నిర్మలమైన మధ్యాహ్నం లీటరు నీరు పోసి గడియారం చూడాలి. పది పన్నెండు నిమిషాలలో మరిగితే సరే. అంతకు రెట్టింపు పడితే అద్దం గీతలు పడిందో, గురి తప్పిందో అక్కడికక్కడే ఆ ఇల్లాలితో కలిసి చూసుకోవచ్చు.