ఎత్తు నుదుటికి కత్తి ఎందుకు?

“అమ్మాయి అన్నివిధాలా నచ్చింది వదినగారూ. నుదురే కాస్త ఎత్తు. ముహూర్తానికి ఎలాగూ ఆర్నెల్లు టైముంది కదా, ఇప్పుడు దానిక్కూడా ఏదో చిన్న ఆపరేషన్ ఉందట. మా తోడికోడలి కూతురు బెంగళూరులో చేయించుకుంది. ఎవరికీ తెలియనే తెలియదు.”

మొన్న శ్రావణంలో మా ఆడపడుచుకు ఫోన్లో వచ్చిన మాట ఇది. మధ్యవర్తి కల్పించి చెప్పింది కాదు, అబ్బాయి తల్లే స్వయంగా అన్నది. స్పీకర్ ఆన్ చేసి ఉండటంతో నేనూ విన్నాను. పక్కగదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్లా విన్నది. తెనాలిలో పుట్టి పెరిగి, గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ, తండ్రి చేసిన ఇంటి అప్పులో సగం వాయిదా తన జీతం నుంచే కడుతున్న పిల్ల. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాటి నుంచి పాపిట తీయడం మానేసి జుట్టు ముందుకు దువ్వుకుంటోంది.

ఆ మాట అన్నావిడ మీద నా కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఆవిడ ఒక్కతే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. మా బంధువుల్లోనే సగంమంది ఆడవాళ్ళు “పోనీ, చేయిస్తే పోయేదేముంది?” అన్నారు. రీల్స్‌లో తెల్లకోటు వేసుకున్నవాళ్ళు రోజూ ఇదే చెబుతున్నారు: ఎత్తు నుదురు ఒక లోపం, దానికి పరిష్కారం ఉంది, పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు, కనుబొమలు తీర్చుకున్నంత తేలిక. చదువుకున్నవాళ్ళు, కూతుళ్ళను కళ్ళలో పెట్టుకుని పెంచినవాళ్ళు కూడా ఇది నమ్ముతున్నారు. సాయంత్రానికి ఇంటికి రావచ్చేమో గానీ, అసలు సంగతి అది కాదు. నుదురు ఎత్తుగా ఉండటం లోపం కాదు, దాన్ని దించే ఆపరేషన్ చిన్నదీ కాదు.

అసలు ఆ ఆపరేషన్‌లో ఏం చేస్తారో ముందు చెప్పాలి, ఎందుకంటే “చేయిస్తే పోయేదేముంది” అన్నవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. జుట్టు మొదలయ్యే అంచు వెంట ఈ కణత నుంచి ఆ కణత దాకా కోస్తారు. నెత్తిమీది చర్మాన్ని పుర్రె మీద నుంచి వెనక్కి చాలా దూరం విడదీసి వదులు చేస్తారు. దాన్ని ముందుకు లాగి, ఆ మేరకు నుదుటి చర్మాన్ని పట్టీలా కత్తిరించి తీసేస్తారు. లాగిన చర్మం మళ్ళీ వెనక్కి జారకుండా కొందరు సర్జన్లు పుర్రె ఎముకలో సన్నటి రంధ్రాలు చేసి దారంతో బిగిస్తారు. ఆపైన కుట్లు. ఇంతా చేస్తే జుట్టు కిందికి దిగేది మామూలుగా రెండు సెంటీమీటర్లు, అటూ ఇటూగా. నెత్తికి స్పర్శనిచ్చే నరాలు నుదుటి మీదుగానే పైకి వెళతాయి. కోతలో వాటి కొమ్మలు తెగి నడినెత్తి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది. కొందరికి పూర్తి స్పర్శ తిరిగి రాదు. కోత పక్కనున్న జుట్టు రాలొచ్చు, చాలామందికి మళ్ళీ మొలుస్తుంది. మచ్చ మాత్రం ఉండిపోతుంది. మంచి సర్జన్ చేతిలో అది జుట్టులో కలిసిపోవచ్చు. గాయం మానేటప్పుడు మచ్చ ఉబ్బే తత్వం ఉన్నవాళ్ళకు ఆ భరోసా కూడా లేదు. రేపు వయసు మీద పడి ముందు జుట్టు పలచబడితే ఆ గీత నుదుటి పైన అడ్డంగా బయటపడుతుంది. జుట్టు ఏటికేడు వెనక్కి పోతున్నవాళ్ళకు ఇది తగదని ఈ పని తెలిసిన సర్జన్లే చెబుతారు.

రెండో దారి జుట్టు నాటడం. తల వెనక నుంచి ఒక్కో కుదురూ తీసి ముందు వేలల్లో నాటుతారు. నాటిన వెంట్రుకలు కొద్ది వారాల్లోనే రాలిపోతాయి. మూడు నాలుగు నెలలకు మొలక మొదలవుతుంది. ఫలితం తేలడానికి ఏడాది పడుతుంది. ఆర్నెల్లలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు ఈ లెక్క ఎవరూ చెప్పడం లేదు.

పిల్ల పట్టుబట్టడంతో ఒక క్లినిక్‌కు తోడు వెళ్ళాను. మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది డాక్టరు కాదు, కౌన్సెలర్. ఆ అమ్మాయికి మా పిల్ల కంటే రెండేళ్ళు చిన్న వయసే ఉంటుంది. సొరుగులోంచి ప్లాస్టిక్ స్కేలు తీసి కనుబొమల మధ్య నుంచి జుట్టు దాకా కొలిచింది. “సెవెన్ ఉంది మేడం, నార్మల్ సిక్స్” అంది. తర్వాత గోధుమరంగు ఐబ్రో పెన్సిలుతో నుదుటి మీద ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీసి, ఆ గీతకు పైనున్న భాగాన్ని వేలితో చూపించి, “ఇదంతా తీసేయొచ్చు ఆంటీ” అని నాకు చెప్పింది. అద్దంలో పిల్ల ముఖం చూశాను. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు తనకు ఉన్నది ఒక్క ముఖం. ఇప్పుడు అందులో ఉంచుకోదగ్గ భాగం వేరు, కోసి పారేయాల్సిన భాగం వేరు. ఆ గీత చూడకముందు ఉన్న కళ్ళు ఆ పిల్లకు మళ్ళీ ఎవరిస్తారు? బిల్లు గురించి, సున్నా వడ్డీ వాయిదాల గురించి, నెలాఖరుతో ముగిసే ఆఫర్ గురించి ఆ తర్వాత పావుగంట మాట్లాడింది.

ఆరు ఎక్కడిది? ఎవరు కొలిచారు, ఎవరిని కొలిచారు? ముఖాన్ని అడ్డంగా మూడు సమభాగాలు చేసి అందాన్ని లెక్కగట్టడం రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ నాటి సూత్రం. యూరప్ చిత్రకారులు దాన్ని పట్టుకున్నారు, వాళ్ళ నుంచి ప్లాస్టిక్ సర్జరీ పుస్తకాల్లోకి వచ్చింది. టొరంటోలో లెస్లీ ఫార్కస్ అనే వైద్యుడు 1980లలో నిజమైన మనుషుల ముఖాలు కొలిచి చూశాడు. ఉత్తర అమెరికా తెల్లవాళ్ళలోనే ఆ పాత సూత్రాలు చాలామందికి సరిపోలేదు. వాళ్ళకే సరిపడని కొలతను తెచ్చి తెనాలి పిల్ల నుదుటి మీద పెట్టి, తేడా ఉంది కాబట్టి కోస్తామనడం ఏ రకం వైద్యం?

ఈ కొలత స్థిరంగా ఉన్నదా అంటే అదీ లేదు. 15వ శతాబ్దంలో యూరప్ కలవారి ఇళ్ళ ఆడవాళ్ళు నుదురు పెద్దగా కనబడటం కోసం ముందు జుట్టు పీకించుకునేవారు. హాలీవుడ్‌లో మార్గరీటా కాన్సినో అనే స్పానిష్ మూలాల అమ్మాయిది మరీ చిన్న నుదురన్నారు. విద్యుత్తుతో వెంట్రుక కుదుళ్ళు కాల్చి జుట్టు అంచును వెనక్కి జరిపారు, నల్లజుట్టుకు ఎర్రరంగు వేశారు, రీటా హేవర్త్ అని పేరు పెట్టి ప్రపంచానికి చూపించారు. ఆ నొప్పి భరించిన పిల్లకు చెప్పిందీ, ఇవాళ మా పిల్లకు చెబుతున్నదీ సరిగ్గా ఒకదానికొకటి వ్యతిరేకం. ఇంకో పాతికేళ్ళకు గాలి మళ్ళీ అటు తిరిగితే, కోసి పారేసిన చర్మం ఎవరు తెచ్చి అతికిస్తారు?

మన ఇళ్ళలో నుదురు ఎప్పుడు చిన్నబుచ్చుకోవాల్సిన చోటైంది? శుక్రవారం శుక్రవారం చదువుకునే లలితా సహస్రనామంలో అమ్మవారి నుదుటిని అష్టమి చంద్రుడితో పోల్చారు. మన పెళ్ళికూతురి అలంకారమంతా నుదుటి చుట్టూ నడుస్తుంది. పాపిటబిళ్ళ, కల్యాణతిలకం, అన్నిటికీ మించి బాసికం. బాసికం కట్టని పెళ్ళి మనకు పెళ్ళిలా ఉండదు. ఇక జుట్టు సంగతంటారా, తిరుమల కల్యాణకట్టకు వెళ్ళి చూడండి. కాలేజీ పిల్లలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, ఆఫీసర్లు, బామ్మలు వరసలో కూర్చుని మొక్కు తీర్చుకుని, తడిగుండుకు చందనం రాసుకుని బయటకొస్తారు. ఆ గుండుతోనే బస్సెక్కుతారు, సోమవారం ఆఫీసుకు వెళతారు, వేలు పెట్టి చూపించేవాడు ఉండడు. మూడు కత్తెర్లు ఇస్తే సరిపోయేచోట నిండుగా తలనీలాలిచ్చిన ఆడవాళ్ళు నాకు తెలుసు. తల మొత్తం గొరిగించుకుని తలెత్తుకు తిరగగలిగిన సమాజానికి రెండు సెంటీమీటర్ల నుదురు కంటగింపుగా ఎలా మారింది? మారలేదు, మార్చారు. పనిగట్టుకుని, అమ్మకానికి పెట్టినవాళ్ళు మార్చారు.

ఆ క్లినిక్‌లో అడగని ప్రశ్నల గురించి కూడా చెప్పాలి. జుట్టు ఎప్పటినుంచైనా రాలుతోందా? థైరాయిడ్ చూపించుకున్నావా? ఒంట్లో రక్తం ఎంతుంది? మీ అమ్మకు ముందు జుట్టు పలచబడిందా? చిన్నప్పటి నుంచి బిగుతుగా జడ వేసేవారా? ఒక్కటీ అడగలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉంది. ఇనుము తగ్గితే జుట్టు ఊడుతుంది. స్కూలు రోజుల్లో కళ్ళు పైకి లాగేలా వేసిన రెండు జడలు కణతల దగ్గర జుట్టును శాశ్వతంగా వెనక్కి నెట్టగలవు. ఇవి కాక ఫ్రాంటల్ ఫైబ్రోసింగ్ అలోపేసియా అని ఒక జబ్బుంది. 1994లో ఆస్ట్రేలియా వైద్యుడు స్టీవెన్ కోసార్డ్ మొదట వివరించాడు. ముందు జుట్టు అంచు నెమ్మదిగా వెనక్కి పోతూ ఉంటుంది, ఎక్కువగా నెలసరి ఆగిన ఆడవాళ్ళలో. దాన్ని గుర్తించకుండా కోసినా, నాటినా చేసిందంతా వృథా కావచ్చు. నుదురు పుట్టుకతోనే ఎత్తా, మధ్యలో ఎత్తయిందా అన్న తేడా తెలుసుకోకుండా పెన్సిలు చేతిలోకి తీసుకున్న చోటును ఆసుపత్రి అనకూడదు.

ఇది వైద్యం కాదన్నది నా ఒక్కదాని మాటే కాదు. జీఎస్టీలో వైద్యసేవలకు మినహాయింపు ఉంది. జుట్టు నాటడానికీ కాస్మెటిక్ సర్జరీకీ ఆ మినహాయింపు లేదు. పుట్టుకతో వచ్చిన లోపమో, గాయమో సరిదిద్దడానికి చేస్తేనే వర్తిస్తుంది. కాలిన గాయాలతో జుట్టు పోయినవాళ్ళ సంగతి వేరు, ట్రాన్స్ మహిళల అవసరం వేరు, వాళ్ళను నేను ఈ వాదంలోకి లాగడం లేదు. రోగులను ప్రకటనలతో రప్పించుకోకూడదని డాక్టర్ల నైతిక నియమావళి 2002 నుంచీ చెబుతోంది. ఈ ఆపరేషన్లు తగిన సర్జరీ శిక్షణ ఉన్నవాళ్ళే చేయాలనీ, వర్క్‌షాప్‌లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే చాలదనీ జాతీయ వైద్య కమిషన్ 2022లో రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది. అంత మాట రాయాల్సి వచ్చిందంటే బయట ఏం జరుగుతోందో ఊహించుకోండి. కాన్పూర్‌లో జుట్టు నాటించుకున్నాక ఇద్దరు ఇంజనీర్లు చనిపోయారని 2025లో బయటపడింది. పోలీసులు కేసు పెట్టింది ఒక దంతవైద్యురాలి మీద. ‘నువ్వు నాకు నచ్చావ్’ సినిమా చూసినవాళ్ళెవరూ నటి ఆర్తీ అగర్వాల్‌ను మరిచిపోరు. 2015 జూన్‌లో, 31 ఏళ్ళకు, అమెరికాలో కన్నుమూసింది. కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుంది. మరణానికి అదే కారణమని తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అందంగా ఉన్న ఆ పిల్లకు చాలినంత అందం లేదని ఒప్పించినవాళ్ళ మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

“నా ఒళ్ళు, నా ఇష్టం” అనే వాదన వినిపించింది. ఫోన్లో ఆ మాట రాకముందు మా పిల్ల తన నుదుటి గురించి ఎన్నడూ బెంగపడలేదు. అవతలివాళ్ళు పెట్టిన షరతుకు ఇష్టం అని పేరు పెట్టవద్దు.

నిజానికి ఇది కట్నమే. 1961లోనే చట్టం నిషేధించింది కాబట్టి నగదు అడగడానికి జంకేవాళ్ళు ఇప్పుడు ఇలా అడుగుతున్నారు. ఖర్చు పిల్ల తండ్రిది, నొప్పి పిల్లది, మెచ్చుకోలు అబ్బాయి వైపు వాళ్ళది. పాత కట్నం కనీసం ఒంటి మీద కత్తి పెట్టమనలేదు. ఇవాళ నుదురు దించుకుంటే రేపు ముక్కు అంటారు, కాన్పు తర్వాత పొట్ట అంటారు. ఆ అబ్బాయి ఫొటో నేను చూశాను. ముప్ఫై ఏళ్ళకే కణతల దగ్గర జుట్టు పోయింది. మా వైపు నుంచి ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు, ఎత్తకూడదు కూడా. ఆ మర్యాద అవతల ఎందుకు లేదు?

మరి ఏం చేయాలంటారా? ముందు రక్తపరీక్ష, ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో ఒకసారి చూపించుకోవడం. జడ వదులుగా వేయండి. పాపిట ఎక్కడ తీసుకోవాలో పిల్లనే నిర్ణయించుకోనివ్వండి. ఇలాంటి షరతు పెట్టిన సంబంధాన్ని, అబ్బాయి అమెరికాలో ఉన్నా సరే, వదులుకోండి. మా ఆడపడుచు ఇంకా తేల్చుకోలేదు, నేను మాత్రం ఆవిడకు ఇదే చెప్పాను.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిళ్ళకు ఒక విన్నపం. ఇలాంటి క్లినిక్కుల్లో కొలతలు తీసేదెవరో, ఆపరేషన్ చేసేదెవరో, వాళ్ళ డిగ్రీ ఏమిటో మీ మనుషులు వెళ్ళి తనిఖీ చేయాలి. ఆ పేరూ, రిజిస్ట్రేషన్ నంబరూ రిసెప్షన్ గోడ మీద తెలుగులో రాసి పెట్టించాలి. ఆ గోడ మీద పేరు లేని చోట, అమ్మలారా, మీ పిల్లను ఆ కుర్చీలో కూర్చోనివ్వకండి.